కీళ్లవాతం - మంగళవారం బిళ్ల

మన కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో 'వాతం' అనే మాట గోనెసంచి వంటిది. ఏ నొప్పినైనా అందులో వేసి మూతి కట్టేయవచ్చు. నడుము పట్టుకుంటే వాతం. మోకాలు వాస్తే వాతం. పొద్దుగూకులు కూర్చుని కలుపు తీసి లేచిన మనిషికి కాళ్లు తిమ్మిరెక్కినా వాతమే. మా జేజి అయితే మబ్బు పట్టకముందే "మోకాళ్లలో వాతం లాగుతాంది, రేపు వాన" అనేది. సగంసార్లు వాన వచ్చేది కూడా. మన సీమలో సగంసార్లంటే తక్కువ లెక్కేమీ కాదు.

ఆ సంచి మూతి విప్పి చూడవలసిన అవసరం మా ఇంట్లోనే వస్తుందని నేననుకోలేదు. వచ్చింది గనుక, నేను చదివి తెలుసుకున్నదీ, మా అమ్మ చేతులు చూసి తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టరును కాను, బి.ఎస్సీ. విద్యార్థినిని. నా మాట విని మందు మొదలుపెట్టవద్దు. మానవద్దు కూడా.

సంచిలో మొదట చేతికి తగిలేది అరుగుదల. మోకాలి చిప్ప కింద ఎముకల చివర ఉండే మెత్తని మృదులాస్థి వయసుతో, బరువుతో, గొంతుకూర్చుని చేసే పనితో అరిగిపోతుంది. మా జేజిది అదే. రెండవది నీటి జబ్బు. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడు ఉంటే, ఏండ్ల తరబడి తాగినవారికి ఎముకలు బిరుసెక్కి, వెన్ను కట్టెలా బిగుసుకుంటుంది. మన దేశంలో ఈ జబ్బును తొలిసారి గుర్తించి 1937లో ప్రకటించింది మనకు ఎంతో దూరంలో కాదు, అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట పల్లెల్లో. అంతకుముందు దాన్నీ వాతమనే అనేవారని ఊహించడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. మూడవది చికున్‌గున్యా. 1973 తర్వాత ముప్పై ఏండ్లపాటు మన దేశంలో కనపడకుండాపోయిన ఆ జ్వరం 2005 చివర్లో మళ్లీ బయటపడింది, అదీ మన రాష్ట్రంలోనే. 2006లో రాయలసీమ పల్లెల్లో ఇంటికొకరు మంచం పట్టినారని మా నాయన చెబుతాడు. ఆ ఏడు నేను చంటిబిడ్డను. నన్నెత్తుకోవడానికి ఇంట్లో లేచి నిలబడగలిగినవాళ్లే లేరట. చికున్‌గున్యా అనే పేరుకు టాంజానియాలోని ఒక తెగ భాషలో 'వంగిపోవడం' అని అర్థమట. పేరు పెట్టినవాడెవడో చూసి పెట్టినాడు. ఆ నొప్పులు చాలామందికి వారాల్లో, నెలల్లో తగ్గిపోతాయి. కొందరిని మాత్రం ఏండ్లు వదలవు.

ఇక సంచి అడుగున ఉండేది అసలైన కీళ్లవాతం. ఇంగ్లీషు వైద్యంలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. ఆయుర్వేదంలో దీనికి దగ్గరగా వచ్చేది ఆమవాతం. మాధవ నిదానంలో దానికి ఒక అధ్యాయమే ఉంది. ఇది అరిగినందువల్ల వచ్చేది కాదు, నీళ్ల వల్ల వచ్చేదీ కాదు. రోగాలనుంచి మనల్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ దారి తప్పి, కీళ్ల లోపలి పొర మీదనే పడుతుంది. కంచే చేను మేయడమంటే ఇదే. ఆ పొర వాచి, మందమై, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ కొరుక్కుతింటుంది. 1993లో ప్రొఫెసర్ మాలవీయ బృందం ఢిల్లీ దగ్గరి పల్లెల లెక్క ప్రకటించింది. పెద్దవాళ్లలో నూటికి 0.75 మందికి ఈ జబ్బు ఉందని తేలింది. చిన్న అంకెలాగే కనిపిస్తుంది. రెండువేలమంది పెద్దవాళ్లున్న ఊరికి లెక్క కట్టండి, పదిహేనుమంది! మగవారికంటే ఆడవారికి రెండుమూడు రెట్లు ఎక్కువ. అదీ ముసలితనంలో కాదు, చాలామందికి ముప్పై నుంచి అరవై మధ్యలో, అంటే సంసారమంతా చేతులమీద నడిచే వయసులో.

మా అమ్మకు నలభై రెండో ఏట వచ్చింది. మాది జమ్మలమడుగు వైపు నల్లరేగడి ఊరు, బుడ్డశనగ పండిస్తాము. మిషన్లు రాకముందు శనగచెట్లు మంచు ఆరకముందే చేత్తో పీకేవాళ్లు. ఎండెక్కితే కాయలు రాలిపోతాయి. ఆ చెట్టు మీది పులుపుకు వేళ్లు మండుతాయి. కాబట్టి అమ్మ "వేళ్లు పట్టేసినాయి" అన్నప్పుడు ఎవరమూ పట్టించుకోలేదు, పాతరోజుల పని ఇప్పుడు బయటపడుతోందని అనుకున్నాము. నిజానికి జబ్బు మాకు రోజూ పొద్దున్నే కనబడుతూనే ఉండింది. తెల్లవారుజామున బర్రెకింద కూర్చుంటే వేళ్లు ముడుచుకోవు. అమ్మ పాలచెంబు కింద పెట్టి, చేతులు వేడినీళ్లలో ముంచుకుని కూర్చునేది. పదిగంటలకు అవే చేతులు మామూలుగా తిరిగేవి. మధ్యాహ్నం సంగటి కెలికేది. దాంతో "పనికి బద్ధకం" అని మా మేనత్త ఒక మాట కూడా అనింది.

ఈ పొద్దుటి బిగుసుకుపోవడమే అసలు గుర్తు. అరిగిన మోకాలు లేచి నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది, సాయంత్రానికి నొప్పి పెడుతుంది. కీళ్లవాతం దీనికి తలకిందులు. రాత్రంతా విశ్రాంతి తీసుకుని లేస్తేనే ఎక్కువ. అరగంట, గంట, ఒక్కోసారి రెండు గంటలు. మొదట చిన్నకీళ్లకు వస్తుంది, వేళ్ల మొదళ్లు, నడుమ కణుపులు, మణికట్లు, పాదాల ముందరి భాగం. కుడిచేతికి వస్తే ఎడమచేతికీ వస్తుంది. వాచిన కీలును వేలితో నొక్కితే గట్టి ఎముక తగలదు, మెత్తగా ఉంటుంది. ఈ గుర్తులు ఆరువారాలు దాటి ఉంటే ఇక ఆగకూడదు. రక్తంలో రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సి.సి.పి. అనే పరీక్షలున్నాయి. అయితే అవి లేవని వచ్చినా జబ్బు లేదని కాదు, కొందరికి జబ్బు ఉండి కూడా ఆ పరీక్షల్లో బయటపడదు. చూసే డాక్టరు చెయ్యి పట్టి చూడవలసిందే.

మాకు అలా చూసేవారు దొరకడానికి రెండేండ్లు పట్టింది. ఈ రెండేండ్ల మాటే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది.

మొదట చూసింది ఊళ్లోకి బండిమీద వచ్చే వైద్యుడు. "ఏం కాదులేక్కా, వాతపు నీరు" అని ఒక సూది వేసినాడు. మరునాడు పొద్దున అమ్మ గబగబా పాలు పితికింది! ఆయన చేయి మంచిదని వీధంతా చెప్పింది. పదిహేను రోజులకు మళ్లీ పట్టేస్తే మళ్లీ సూది, నడుమ రంగు కాగితంలో చుట్టిన చిన్న బిళ్లలు. ఆ బిళ్లల్లో ఒకటి డెక్సామెథాసోన్ అని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అది స్టెరాయిడ్. ఏడాది తిరిగేసరికి అమ్మ ముఖం గుండ్రంగా ఉబ్బింది. ఒళ్లు చేసిందని చుట్టాలు సంతోషించినారు. చక్కెరజబ్బు వచ్చింది. వేళ్లు మాత్రం లోలోపల వంకర తిరుగుతూనే ఉన్నాయి. నొప్పి తెలియలేదు గాని, పొర ఎముకను కొరకడం ఆగలేదు.

స్టెరాయిడ్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. అది వైద్యచరిత్రలో గొప్ప ఘట్టం. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, కీళ్లవాతంతో కదలలేని ఒక ఇరవై తొమ్మిదేండ్ల స్త్రీకి ఆ మందు ఇచ్చినాడు. కొద్దిరోజుల్లో ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు, మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమానం వచ్చింది. ఆ తర్వాతే, వాడగా వాడగా, ఎముకలు గుల్లబారడం, చక్కెర, రక్తపోటు, చర్మం పలచబడటం అన్నీ బయటపడినాయి. హఠాత్తుగా మానితే ప్రాణం మీదికే రావచ్చు. నేటి వైద్యుల మాట ఏమంటే, అసలు మందు పని మొదలుపెట్టేదాకా వంతెనగా తక్కువ మోతాదులో ఇచ్చి, వీలయితే మూడు నెలల్లోపలే తీసివేయాలని. వంతెన మీద కాపురం పెట్టకూడదు. మా అమ్మ రెండేండ్లు కాపురం చేసింది.

చివరికి నంద్యాల మీదుగా నాలుగు గంటలు బస్సులో పోయి, కర్నూల్లో కీళ్లవాతం ప్రత్యేకంగా చదివిన డాక్టరుకు చూపించినాము. ఆమె పది నిమిషాలు అమ్మ వేళ్లను ఒక్కొక్కటే నొక్కి చూసింది. "అమ్మా, మొదటి మూడు నెలల్లో వచ్చి ఉంటే ఈ వేలు ఇట్లుండేది కాదు" అని చీటీ రాసింది. చీటీ మీది పేరు మెథోట్రెక్సేట్.

ఇక్కడ మన ప్రయోగశాలకు రావాలి. బయోకెమిస్ట్రీ తీసుకున్న మిత్రులకు ఫిస్కె-సుబ్బారావు పద్ధతి తెలిసిందే. రక్తరసంలోని ప్రోటీనులను ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లంతో దింపేసి, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, మరో ద్రావణం చుక్కలు వేస్తే పరీక్షనాళికలో నీలిరంగు వస్తుంది. ఆ నీలం ఎంత చిక్కనయితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఇది 1925 నాటి పద్ధతి. ఆ ప్రాక్టికల్‌లో నాకు మొదటిసారి రీడింగు తప్పింది. ఆ చిరాకులో రికార్డు రాస్తూ, ఎవరీ సుబ్బారావని లైబ్రరీలో వెతికినాను. మా అమ్మ చీటీ మీది మందు ఆ పుస్తకంలో కనబడింది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టినాడు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుల ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటే తక్కువైన ఎల్.ఎం.ఎస్. పట్టా పుచ్చుకున్నాడు. సొంత అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే జబ్బు తీసుకుపోయింది. తర్వాత అమెరికా చేరి, హార్వర్డులో ఫిస్కెతో కలిసి పనిచేసినాడు. కండరాలు కదలడానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.లను గుర్తించిన ఘనతలో ఆయనకు భాగం ఉంది. అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కక, 1940లో లెడర్లీ ప్రయోగశాలకు పోయి పరిశోధనల నాయకుడైనాడు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. పాలకూర ఆకుల్లో తొలుత దొరికినందున, లాటిన్‌లో ఆకు అనే మాటనుంచి దానికా పేరు వచ్చింది. స్ప్రూ జబ్బుకు మందు అదే. అన్నదమ్ములకు అందలేదు.

కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. కాబట్టి దాన్ని పోలినదీ, దాని పని చేయనిదీ ఒకటి తయారు చేస్తే? రైతుబిడ్డలకు ఇది సులువుగా అర్థమవుతుంది. తాలుగింజ చూడటానికి గింజే. భూమిలో చోటు ఆక్రమిస్తుంది, మొలవదు. లెడర్లీ రసాయనికులు అలాంటి తాలుగింజలను తయారు చేసినారు. మొదటిది అమినాప్టెరిన్, దాని తర్వాతది మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరుతో ఉన్న 16 మంది పిల్లలకు అమినాప్టెరిన్ ఇస్తే 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. 1948 జూన్‌లో ఆ వార్త అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూసినాడు. సరిగ్గా మరునెలలో హెంచ్ తన రోగికి స్టెరాయిడ్ సూది వేసినాడు.

చూడండి, కీళ్లవాతపు రెండు మందులూ ఒకే కాలంలో వచ్చినాయి. తెల్లవారేసరికి లేపి నడిపించినదానికి రెండేండ్లలో నోబెల్ వచ్చింది. రెండోదానికి ముందుదైన అమినాప్టెరిన్‌ను 1951లో గబ్నర్ అనే డాక్టరు కీళ్లవాతానికి వాడి చూసి బాగుందన్నా, ఎవరూ చెవిన పెట్టలేదు. మెథోట్రెక్సేట్ పని చేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది మరి! 1985లో పద్ధతిగా పరీక్షలు జరిగి, 1988లో గాని అమెరికాలో దానికి కీళ్లవాతపు మందుగా అనుమతి రాలేదు. నేడు లోకంలో ఏ మూల కీళ్లవాతమని తేలినా సాధారణంగా మొదట రాసేది ఇదే. మా ఊరి వీధిలో జరిగిందే పెద్ద పెద్ద దేశాల్లోనూ జరిగింది. సూదిని మెచ్చుకున్నారు, నిదానపు మందును ముప్పై ఏండ్లు పక్కన పెట్టినారు.

ఇంకొక వింత. కాన్సరుకు పెద్ద మోతాదులో ఇచ్చే ఈ మందును కీళ్లవాతానికి చాలా కొద్దిగా, వారానికి ఒక్కరోజే ఇస్తారు. ఆ కొద్దిపాటికి కణాల చీలికను ఆపడం కాదు ముఖ్యం, వాపును చల్లార్చే అడినోసిన్ అనే పదార్థాన్ని పెంచుతుందని నేటి శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అందుకే మరో రోజు ఫోలిక్ ఆమ్లపు బిళ్ల ఇచ్చినా వాపు తగ్గే గుణం పెద్దగా చెడదు, నోటిపూత, వాంతులవంటివి తగ్గుతాయి. మందూ ఆ ప్రయోగశాలదే, దాని విరుగుడూ ఆ ప్రయోగశాలదే.

వారానికి ఒక్కరోజే. ఈ మాట దగ్గర మేము మోసపోయినాము. చీటీ మీద వారానికొకటి అని ఇంగ్లీషులో ఉంది. మందుల షాపులో పిల్లవాడు అలవాటు కొద్దీ కవరు మీద రాత్రికొకటి అన్నట్లు గీత గీసి ఇచ్చినాడు. మా నాయనకు ఇంగ్లీషు రాదు. "సారోళ్లు రాసినట్టే ఏసుకో మా" అని హాస్టలునుంచి ఫోనులో చెప్పినదాన్ని నేనే. ఏడురోజులు రోజుకొకటి వేసుకుంది. దసరా సెలవులకు ఇంటికి పోయేసరికి అమ్మ నోరంతా పుండ్లు, గుటక పడటం లేదు, జ్వరం. నేను కవరు చూసినాను, చీటీ చూసినాను, రెండూ పక్కపక్కన పెట్టి చూసినాను. ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చినాము. తెల్లకణాలు పడిపోయి ఉన్నాయి. ఫోలినిక్ ఆమ్లం అనే విరుగుడు సూదులు ఇచ్చినారు. కణంలో తాలుగింజ అడ్డుపడిన మెట్టును దాటించి అసలుగింజను అందించడం దాని పని. తొమ్మిదోరోజు ఇంటికి వచ్చింది. ఇలాంటి పొరపాటుకు ప్రాణాలు పోయినవారు లోకంలో ఉన్నారు, ఇది పుస్తకాల్లోనూ రాసి ఉంది.

"మళ్లా ఆ బిళ్ల నాకొద్దు పాపా" అనింది అమ్మ. డాక్టరమ్మ ఎంతో ఓపికగా కూర్చోబెట్టి చెప్పి, రక్తం కుదుటపడిన తర్వాత మళ్లీ మొదలుపెట్టింది. ఏ రోజు వేసుకోవాలో అమ్మనే చెప్పమంది. అమ్మ కాసేపు ఆలోచించి "సంత రోజు" అనింది. మా పక్క ఊళ్లో మంగళవారం సంత. ఇంట్లో ఎవరు మరిచినా సంతను ఎవరూ మరవరు. మంగళవారం బిళ్ల, శుక్రవారం ఫోలిక్ ఆమ్లం. కవరు మీద నేనే తెలుగులో పెద్ద అక్షరాలతో రాసినాను. వార్డులో ఈ సంగతి విన్న ఇంకొక పెద్దమ్మ తనది శనివారం, వెంకటేశ్వరస్వామి రోజు పెట్టుకుంది.

మొదట నెలకొకసారి, తర్వాత రెండు మూడు నెలలకొకసారి రక్తకణాలు, లివరు, కిడ్నీ పరీక్షలు చేయించాలి. సారాయి ముట్టకూడదు. గర్భిణులు దీన్ని వాడనే కూడదు, బిడ్డకు అవకరం వస్తుంది. పెండ్లయిన పడుచులు ముందుగానే డాక్టరుతో చెప్పాలి. మన ఇండ్లలో ఈ మాట నోరు తెరిచి అడగడానికి సిగ్గుపడతారు గనుక అచ్చులో రాస్తున్నాను.

ఇది ఒక్కటీ చాలనివారికి వేరే మందులున్నాయి. సల్ఫాసలజీన్, లెఫ్లునోమైడ్, మలేరియాకు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్. ఈ చివరిదాన్నే 2020లో కరోనాకు పనికివస్తుందని జనం ఎగబడి కొంటే, అసలు రోగులకు కొన్నాళ్లు కొరత వచ్చింది. 1998 నుంచి బయలాజికల్స్ అనే ఖరీదైన సూదులు వచ్చినాయి. వాపును రెచ్చగొట్టే ఒక్కొక్క పదార్థాన్ని గురి చూసి ఆపడం వాటి పని. వాటిలో రిటుక్సిమాబ్‌కు సమానమైన మందును హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ వారు 2007లోనే తయారు చేసినారు. టోఫాసిటినిబ్ వంటి బిళ్లలు 2012 తర్వాతివి. గుండెజబ్బు, రక్తం గడ్డకట్టడం విషయంలో వాటికి హెచ్చరికలు వచ్చినాయి. ఈ కొత్తవాటిలో చాలావాటికి మన దేశంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. చిన్ననాడు ఎప్పుడో ఒంట్లో చేరి నిద్రపోతున్న క్షయ లేచి కూర్చుంటుంది. అందుచేత ముందు క్షయ పరీక్ష చేయనిదే చాలావాటిని మొదలుపెట్టరు.

అయినా మా ఊరివంటి చోట్ల నన్ను బాధపెట్టే విషయం ఖరీదైన సూది కాదు. అమ్మ బిళ్లలకు నెలకయ్యే ఖర్చు మా ఇంటి టీపొడి ఖర్చుకంటే తక్కువ. ఆ బిళ్ల రాయగలిగిన చోటుకు చేరడానికే రెండేండ్లు పట్టింది. కీళ్లవాతానికే ఎం.డి. తర్వాత మూడేండ్లు ప్రత్యేకంగా చదివినవారు ఎక్కువగా పెద్ద పట్నాల్లో ఉంటారు. కాని గుర్తుపట్టడానికి అంత చదువు అక్కరలేదు. ఆశా కార్యకర్తో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సమ్మో "పొద్దున లేస్తానే చేతులు ఎంతసేపు పట్టేస్తాయి?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. మన కళాశాలలో చదివేవారిలో సగంమంది పల్లెలనుంచి వచ్చినవారమే. సెలవులకు పోయినప్పుడు మీరైనా అడగండి. పాలు పితికే మనిషినీ, పిండి రుబ్బే మనిషినీ అడగండి.

అమ్మకు వంకర తిరిగిన వేళ్లు రెండు, అవి ఇక తిన్నగా రావు. మిగతావి నిలిచినాయి. రంగుకాగితం బిళ్లలు డాక్టరమ్మ కొలతగా తగ్గిస్తూ వచ్చి ఆరునెలలకు మాన్పించింది. ముఖం మునుపటి ముఖమైంది. చక్కెర మాత్రం పోలేదు. మొన్న సంక్రాంతికి పదిమందికి సంగటి తానే కెలికింది. పాలు మా నాయన పితుకుతున్నాడు. బర్రె మొదట రెండువారాలు ఆయనను దగ్గరికి రానివ్వలేదు.